7 వేల రూపాయల సొట్ట గిన్నె! | జపాన్ తాజిమి వ్లాగ్

హాయ్ అండీ, బాగున్నారా? "ఎప్పుడూ ట్రైన్లూ సూపర్ మార్కెట్లేనా, ఇంకేమైనా చూపించవే" అని మా పిన్ని ఒకటే గొడవ. అందుకే ఈ రోజు నగోయా నుంచి, పింగాణీకి పేరున్న తాజిమి ఊరికి వచ్చాం. ఎండ మాత్రం మామూలుగా లేదు. 2007లో ఇక్కడ 40.9 డిగ్రీలు వచ్చిందట, అప్పటికి జపాన్‌లో అదే రికార్డు. మావారిది రెంటచింతల. "దీనికే రికార్డా!" అని నవ్విన మనిషే, ఏసీ ఉన్న షాపు కనబడగానే లోపలికి దూరారు.

ఆ షాపులోనే ఉంది ఈ గిన్నె. ఒరిబె అంటారు, టీ తాగడానికి. చూడండి, గుండ్రంగా లేదు, ఒక పక్క నొక్కేసినట్టుంది. 12 వేల యెన్లు, అంటే ఇంచుమించు 7 వేల రూపాయలు! వీడియో కాల్‌లో చూపిస్తే, "సొట్ట పడ్డదానికి తగ్గించాలి గానీ ఇంత చెబుతారేంటే?" అంది అమ్మ.

సొట్ట కాదమ్మా. చక్రం మీద చేసి, పచ్చిగా ఉండగానే కావాలని వంచుతారు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఫురుతా ఒరిబె అనే సమురాయ్ అభిరుచి ఇది. జపాన్ వాళ్ల టీ వేడుకకి పెద్ద గురువైన సెన్ నో రిక్యూ శిష్యుడే. గురువుగారికి నిరాడంబరం ఇష్టమైతే, ఈయనకి వంకరలూ రంగులూ! చివరికి 1615లో, కుట్రలో ఉన్నాడని అనుమానించి, అప్పటి పాలకులు తొకుగావా వాళ్లు ప్రాణం తీసుకోమన్నారు పాపం.

కెమెరా దగ్గరికి పెడుతున్నా. ఈ మూలనున్న ఆకుపచ్చ, రాగి కలిపిన గ్లేజు, అంటే గాజులా మెరిసే పైపూత. పైనుంచి కారి, కింద చిక్కగా పేరుకుంది. తెల్లగా ఉన్నచోట ఇనుప రంగుతో గళ్లూ గీతలూ. అప్పటి బట్టల డిజైన్లే తీసుకున్నారంటారు. ఇవి కాల్చిన కొండవాలు బట్టీల పద్ధతేమో కొరియా నుంచి జపాన్‌లోనే ఉన్న కరాత్సు అనే ఊరి మీదుగా వచ్చింది. పోర్చుగీసు మనిషి బొమ్మతో కొవ్వొత్తి స్టాండ్లు కూడా చేశారు! ఒరిబెలోనే నల్ల గిన్నెలూ ఉన్నాయి, వాటి సంగతి ఇంకా బాగుంటుంది. బట్టీలో ఎర్రగా మండుతున్న గిన్నెని పటకారుతో లాగేస్తారు, చటుక్కున చల్లారి నల్లబడిపోతుంది.

పెద్దది కొనలేదు లెండి. అంత గిన్నెలో టీ పోసిద్దామంటే, మా ఇంటికి వచ్చేదెవరు? 900 యెన్లకి చిన్న ప్లేటు తీసుకున్నా, 520 రూపాయలు పడింది. ఆవకాయకి సరిపోతుంది. ఇప్పుడు మావారేమో మొజాయిక్ టైల్ మ్యూజియం అంటున్నారు. ఇంటికి టైల్స్ వేయించే ఆలోచనలో ఉన్నారు, ఇక వినరు. బస్సొచ్చేసింది, అక్కడ మళ్లీ ఆన్ చేస్తా.