బరాత్: అన్నదమ్ముల మాట మఠానికి చేరిన వైనం

సభకు నమస్కారం. హంగేరియన్ భాషలో స్నేహితుణ్ణి ‘బరాత్’ అంటారు. క్రైస్తవ మఠాల్లోని సన్యాసులనూ బరాత్ అనే అంటారు. మన పెళ్లి ఊరేగింపు బరాత్‌తో దీనికి చుట్టరికం లేదు. బాలాటన్ సరస్సు ఒడ్డున బదచోన్ కొండ మీద పండే ఒక ద్రాక్ష పేరు ‘స్యుర్కెబరాత్’, అంటే బూడిదరంగు సన్యాసి. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఎలా ఇమిడాయన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

సుమారు 895లో కార్పేతియన్ పర్వతాల నడిమి మైదానానికి వచ్చి స్థిరపడిన హంగేరియన్లు, అక్కడ అప్పటికే ఉన్న స్లావుల (రష్యన్, పోలిష్ వంటి భాషల కుదురుకు చెందినవారి) నుంచి సేద్యపు మాటలతో పాటు క్రైస్తవ మతానికి సంబంధించిన మాటలనూ విరివిగా తీసుకున్నారు. స్లావుల ‘బ్రాత్’ అంటే సోదరుడు. పదాదిలో రెండు హల్లులు కలిసి రావడం ఆనాటి హంగేరియన్లకు అలవాటు లేదు కనుక, నడుమ ఒక అచ్చు చేరి అది బరాత్ అయింది. శిలువను తెలిపే ‘క్రెస్త్’ కూడా అలాగే ‘కెరెస్త్’ అయింది. రత్నాన్ని రతనం, యత్నాన్ని జతనం చేసుకున్న మనకు ఈ పద్ధతి తెలిసినదే.

స్లావుల బ్రాత్, లాటిన్ ఫ్రాతెర్, సంస్కృత భ్రాతృ ఒకే మూలం నుంచి పుట్టాయి. హంగేరియన్ గానీ తెలుగు గానీ ఆ భాషాకుటుంబానికి చెందవు. అయినా రెండూ ఆ మాటను అరువు తెచ్చుకున్నాయి. మన భ్రాత గ్రంథాల్లోనే నిలిచిపోగా, ఇంట్లో అన్న, తమ్ముడు చెక్కుచెదరలేదు. హంగేరియన్‌లోనూ అన్నకు ‘బాత్య్’, తమ్ముడికి ‘ఎచ్’, అక్కకు పూర్వం ‘నేనె’, చెల్లెలికి ‘హూగ్’ అని వయసును బట్టి వేర్వేరు మాటలున్నాయి. పెద్దా చిన్నా తేడా చెప్పని పరాయి మాటకు ఆ ఇంట చోటు దొరకలేదు. అందుకే అది మఠానికీ స్నేహానికీ దక్కిందని నా విశ్వాసం.

తోడబుట్టినవారందరికీ కలిపి వాడే మాట మాత్రం హంగేరియన్లు సొంతంగా కూర్చుకున్నదే: ‘తెష్త్’ అంటే శరీరం, ‘వేర్’ అంటే రక్తం, రెండూ కలిస్తే ‘తెష్త్‌వేర్’. మనం పుట్టుకను పట్టుకుని తోబుట్టువు అన్నాం, వారు రక్తమాంసాలను పట్టుకున్నారు. అదే రక్తానికి స్త్రీని తెలిపే ‘నే’ చేర్చగా వచ్చిన ‘నేవేర్’ నేడు అక్కను తెలుపుతుంది, సన్యాసినిని తెలుపుతుంది, ఆసుపత్రిలో నర్సునూ తెలుపుతుంది. మన ఆసుపత్రుల్లో రోగులు నర్సును ‘సిస్టర్’ అని పిలిచే పిలుపులోనూ ఈ మూడు అర్థాలూ ఇలాగే పెనవేసుకున్నాయి.