వైద్య వ్యాసాల్లో ఎత్తిరాతలు: తెలుగు వికీపీడియాలో మేం పడే తంటా

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో సగంమంది మెడికల్ స్టూడెంట్లే కాబట్టి నా పరువు పోయిన కథతోనే మొదలుపెడతాను. తెలుగు వికీపీడియాలో నా మొదటి వ్యాసం కామెర్ల గురించి. మా అటక మీద పాత పేపర్ల కట్ట ఉండేది. అందులోని ఆరోగ్యం పేజీ ముందు పెట్టుకుని, రాత్రి రెండింటిదాకా కూర్చుని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను. పొద్దున లేచి చూస్తే వ్యాసం లేదు! నా చర్చా పేజీలో మాత్రం ఒక నిర్వాహకుడి సందేశం ఉంది. ఒళ్లు మండిపోయింది. జనానికి పనికొస్తుందనే కదా రాశాను? వికీలో అందరూ చర్చించుకునే పేజీ రచ్చబండలోకి వెళ్లి పెద్ద గొడవే పెట్టుకున్నాను. ఆయన ఓపిగ్గా ఒకటే అడిగారు: "ఆ పేపరువాళ్లు రేపొచ్చి అడిగితే మీరేం చూపిస్తారండీ?" నా దగ్గర ఏమీ లేదు.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. రాసినవాళ్లు బతికున్నన్నాళ్లూ, పోయాక మరో 60 ఏళ్లూ ఆ రాత మీద హక్కు నడుస్తుంది. పైగా వికీలో చేరిన రాతను ఎవరైనా, అచ్చేసి అమ్ముకునేవాళ్లైనా సరే, వాడుకోవచ్చని మనం లోకానికి మాటిస్తున్నాం. పరాయి సొమ్ము మీద ఆ మాట ఎలా ఇస్తాం? ఒక డాక్టరుగారు పెద్ద మనసుతో "నా కాలమ్స్ వికీపీడియాలో వేసుకోండి" అన్నా సరిపోదు. ఒక్క వికీపీడియాకే ఇచ్చిన అనుమతి చెల్లదు, ఎవరైనా వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సు కింద ఇవ్వాలి. ఆ కాలమ్ మీద హక్కు ఆయనదో పత్రికదో, అది మళ్లీ వేరే పంచాయితీ.

అలాగని హడలిపోకండి. వాస్తవాల మీద ఎవరికీ హక్కు లేదు. విరేచనాలప్పుడు తాగించే ఓఆర్‌ఎస్‌నే తీసుకోండి. లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. ఈ కొలతలు నిక్షేపంగా రాసుకోవచ్చు. ఆ కొలతల చుట్టూ ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసిన పేరాలను మాత్రం దించకూడదు. 2016 చివరి నుంచి ఆ సంస్థ ప్రచురణలు వాణిజ్యానికి వాడకూడదన్న షరతుతో వస్తున్నాయి, వికీ లైసెన్సుకు అది పొసగదు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో భాగంగా రాసిన వాటికి అక్కడ కాపీరైటు ఉండదు, నిజమే. కానీ అక్కడి ప్రభుత్వమే నడిపే ఆరోగ్య వెబ్‌సైటు మెడ్‌లైన్‌ప్లస్‌లో ఉన్న ఎన్‌సైక్లోపీడియా ఒక ప్రైవేటు సంస్థది. సైటు ప్రభుత్వానిది కదా అని దించేసి చాలామంది బోల్తా పడ్డారు.

ఇంకో భ్రమ కూడా మనవాళ్లలో గట్టిగా ఉంది. ఇంగ్లిష్ పుస్తకాన్ని తెలుగులోకి మార్చేస్తే కాపీ కాదని. అనువదించే హక్కు కూడా ఆ రచయితదే! ఇంగ్లిష్ వికీపీడియా నుంచి మాత్రం హాయిగా అనువదించుకోండి, అయితే పేజీ భద్రపరిచేటప్పుడు ఏం మార్చామో రాసే దిద్దుబాటు సారాంశంలో ఆ వ్యాసం లింకు ఇవ్వండి. ఈ చిన్న పని సీనియర్లు కూడా మర్చిపోతుంటారు, నాతో సహా.

ఎత్తిరాతలు పట్టడానికి ఎర్విగ్ అనే పరికరం ఉంది. వ్యాసంలోని వాక్యాలను వెబ్‌లో ఉన్నవాటితో పోల్చి చూపిస్తుంది. కానీ అటక మీది పేపరును అదెక్కడ చూస్తుంది? ఇంగ్లిష్ నుంచి తెలుగైన పేరానూ పట్టదు. అక్కడ వాసన పసిగట్టే మన ముక్కే గతి. కొన్ని గుర్తులతో ఎత్తిరాత ఇట్టే తెలిసిపోతుంది. "పై పటంలో చూపినట్లు" అని ఉంటుంది, పటం ఉండదు. "మా ఆసుపత్రికి వచ్చే రోగుల్లో" అని మొదలవుతుంది. ఒకసారైతే చివర్లో డాక్టరుగారి ఫోన్ నంబరు కూడా దిగిపోయింది!

అసలు టెన్షన్ తిరగరాయడంలో ఉంది. ఒక పుస్తకంలో డెంగీ గురించి ఇలా ఉందనుకోండి: "జ్వరం తగ్గుముఖం పట్టిన తర్వాత 24 నుంచి 48 గంటల్లో ప్రమాద సంకేతాలు కనిపించే అవకాశం ఉంది." ఒకరు దాన్ని "జ్వరం తగ్గిపోయాక ఒకటి రెండు రోజుల్లో అపాయ సూచనలు కనబడవచ్చు" అని మారుస్తారు. చొక్కా మారింది, మనిషి అతనే. ఒక్క వాక్యమైతే ఎవరూ పట్టించుకోరు, వ్యాసమంతా ఇలాగే సాగితే? ఇంకొకరు కాపీ అనిపించుకోకూడదని మరీ దూరం వెళ్లి "జ్వరం తగ్గిన ఒకటి రెండు రోజుల్లో ప్రమాదం తప్పుతుంది" అని రాస్తారు. కాపీరైటు కేసు తప్పింది, కానీ అది చదివి ఎవరో తమ పిల్లాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంట్లోనే ఉంచేస్తారు. నన్నడిగితే కాపీ కంటే ఇదే పెద్ద తప్పు. నేనైతే రెండు మూడు ఆధారాలు చదివి, అన్నీ మూసేసి, పక్కింటావిడకు చెప్తున్నట్టు రాస్తాను: "డెంగీలో జ్వరం దిగిందంటే గండం గడిచినట్టు కాదు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం లాంటివి ఎక్కువగా జ్వరం దిగాక మొదటి రెండు రోజుల్లోనే బయటపడతాయి." తర్వాత మళ్లీ ఆధారాలు తెరిచి, అర్థం ఎక్కడైనా జారిందేమో సరిచూసుకుంటాను.

పరీక్ష పత్రాల విషయంలో ఇంకా జాగ్రత్త. మతిమరుపును అంచనా వేసే మినీ మెంటల్ పరీక్ష 1975లో వచ్చింది. డాక్టర్లు దశాబ్దాలపాటు దాన్ని జిరాక్సులు తీసుకుని వాడుకున్నారు. 2001లో దాని లైసెన్సు హక్కులు ఒక కంపెనీ చేతికి వెళ్లాక ఫారాలు కొనుక్కోవాల్సి వచ్చింది. 30 మార్కులనీ, ఏం కొలుస్తుందనీ రాయొచ్చు, ప్రశ్నపత్రం దించకూడదు. రోర్‌షాక్ సిరా మరకలది (ఏం కనిపిస్తోందని అడిగి మనస్తత్వాన్ని అంచనా వేసే బొమ్మలు) దీనికి పూర్తి ఎదురు కథ. 2009లో అవి వికీపీడియాలో కనిపించినందుకు సైకాలజిస్టులు ఒంటికాలిపై లేచారు. కానీ వాటిని తయారుచేసిన రోర్‌షాక్ 1922లోనే పోయారు, కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. బొమ్మలు ఉండిపోయాయి.

ఇక కొత్తవాళ్లు ఎత్తిరాస్తే ఏం చేయాలి? ఆ భాగం తీసేయండి. పాత కూర్పుల్లో కూడా కనపడకుండా చేయమని నిర్వాహకులకు చెప్పండి. ఆ తర్వాత వాళ్ల చర్చా పేజీకి వెళ్లి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడండి. నన్ను ఆ రోజు ఒక్క ప్రశ్న అడిగి వదిలేసిన నిర్వాహకుడే, వారం తర్వాత నా పక్కన కూర్చుని కామెర్ల వ్యాసం మళ్లీ రాయించారు. సగం వాక్యాలు ఆయనవే. సరే, ల్యాప్‌టాప్‌లు తీసి వికీలో రాత సాధన చేసుకునే మీ మీ ప్రయోగశాల పేజీలు తెరవండి. ఓఆర్‌ఎస్‌తోనే మొదలుపెడదాం.