ఇంట్లో కొట్టిన చేపల పులుసు పొడి, కొన్న ప్యాకెట్: ఒకే చేప, రెండు చట్లు

నమస్తే అండి. ఇదిగో, ఈ గాజు సీసాలో ఉన్నది నేను ఇంట్లో కొట్టిన చేపల పులుసు పొడి. పక్కన గిన్నెలో పోసింది సూపర్ మార్కెట్లో కొన్న ఫిష్ మసాలా. ఏ కంపెనీ అని అడగొద్దు, చెప్పను. ఒక్క కొరమేనుని రెండు వాటాలు చేసి, రెండు మట్టి చట్లలో, ఒకే పూట, ఒకే చింతపండు రసంతో పులుసు పెట్టాను. ఒక దాంట్లో ఇంటి పొడి, ఇంకో దాంట్లో ప్యాకెట్. ఇంట్లో ముగ్గురం తిన్నాం. ముందే చెప్పేస్తున్నా, మొదటి పూట ఇంటి పొడి ఓడిపోయింది. అక్కడితో ఆపేసి ఉంటే ఈ వీడియో మీకు పెట్టేదాన్ని కాదు.

ముందు పొడి సంగతి. మాది నెల్లూరు వైపు. అక్కడ చేపల పులుసు అంటే చింతపండు, పచ్చి మామిడికాయ, మెంతుల వాసన. ఈ మూడూ ఉంటే మిగతావన్నీ సర్దుకుంటాయి. అందుకే నా పొడి చాలా చిన్నది. ధనియాలు 50 గ్రాములు, జీలకర్ర 15, ఆవాలు 10, మెంతులు 10, మిరియాలు 5. అంతే. లవంగాలు, యాలకులు, దాల్చిన చెక్క లేవు. ఆ ఘాటు కోడికూరకి, మాంసానికి బాగుంటుంది. అవి గంట ఉడికినా తట్టుకుంటాయి. చేప ఉడికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో దాని రుచి పైకి రావాలంటే పక్కవాళ్ళు కాస్త నోరు మూసుకుని కూర్చోవాలి.

కారం, ఉప్పు, పసుపు కూడా పొడిలో కలపలేదు. కారం ఎందుకు కలపలేదంటే, మా ఇంట్లో కారం ఒకసారి తేజ మిర్చిది ఉంటుంది, ఒకసారి గుంటూరు సన్నంది ఉంటుంది. తేజ చెంచాడు వేస్తే కళ్ళల్లో నీళ్ళు. రంగు కోసం బ్యాడిగీ కలిపితే ఇంకో లెక్క. పొడిలో కారం కలిపేసుకున్నారనుకోండి, మెంతుల వాసన ఇంకాస్త కావాలని పొడి పెంచితే కారం కూడా పెరుగుతుంది. విడిగా ఉంటే దేని పగ్గం దానికి ఉంటుంది.

ఇప్పుడు వేపడం. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి బద్ధకించి అన్నీ కలిపి ఒకే మూకుట్లో వేశాను. ధనియాలు వేగాలని చూస్తూ ఉన్నాను, ఈలోపు మెంతులు నల్లబడ్డాయి. ఏం కాదులే అని పొడి కొట్టేశాను. ఆ రోజు పులుసు నోట్లో పెట్టుకుంటే కాకరకాయ కషాయం. అమ్మకి ఫోన్ చేసి ఏం చెప్పకముందే, "ఏమ్మే, మెంతులు మాడగొట్టావా?" అంది. నా గొంతు విని కనిపెట్టిందో, నా సంగతి తెలిసి కనిపెట్టిందో మరి.

రెండోసారి విడివిడిగా వేపాను. ఇదిగో దగ్గరగా చూపిస్తాను. మెంతులు మొదట ఇలా పసుపు రంగులో ఉంటాయి. సన్న మంట మీద కదుపుతూ ఉండండి. ఒక నిమిషం దాకా ఏమీ జరగదు, మనకే విసుగొస్తుంది. తర్వాత ఉన్నట్టుండి ఒక్కో గింజ బెల్లం రంగుకి తిరుగుతుంది, పచ్చి వాసన పోయి తియ్యటి వాసన వస్తుంది. కాస్త పాకం వాసనలా ఉంటుంది. సగం గింజలు రంగు తిరగగానే దించేయాలి. అన్నీ తిరిగేదాకా ఆగొద్దు. స్టవ్ ఆపినా ఇనుప మూకుడు వేడి తగ్గదు, లోపల ఇంకా వేగుతూనే ఉంటాయి. అందుకే మూకుట్లో వదలకుండా వెంటనే పళ్ళెంలోకి ఒంపేయండి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మీ పొడి ముప్పావు వంతు అయిపోయినట్టే.

ధనియాలు, జీలకర్ర, మిరియాలు అంత కష్టపెట్టవు, వాసన వస్తే చాలు. ఆవాలు నాలుగు చిటపటలాడగానే తీసేయండి. అన్నీ బాగా చల్లారాక మిక్సీలో వేయాలి. వేడి మీద పడితే జార్‌లో ఆవిరి పట్టి పొడి ముద్ద కడుతుంది. మెంతులు గట్టి గింజలు కాబట్టి వాటిని ముందు ఒక తిప్పు తిప్పి, తర్వాత మిగతావి కలపండి. మరీ మెత్తగా వద్దు. వేళ్ళ మధ్య నలిపితే కాస్త బరక తగలాలి. మెత్తటి పొడి పులుసుని గంజిలా చిక్కగా చేస్తుంది. అమ్మ ఇప్పటికీ రోట్లో దంచుతుంది. నా అపార్ట్‌మెంట్‌లో రోకలి ఎత్తితే కింద ఫ్లోర్ వాళ్ళు పైకి వచ్చేస్తారు.

ఇక ప్యాకెట్. కొనేముందు వెనక్కి తిప్పి చదవండి. దినుసుల జాబితా బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర రాయాలని మన దేశంలో నిబంధన ఉంది. నేను కొన్న దాంట్లో మొదటిది మిరపకాయ, రెండోది ధనియాలు, మూడోది ఉప్పు. మెంతులు ఎక్కడో చివర్లో, దాల్చిన చెక్క తర్వాత. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న మసాలాలో మూడో స్థానం ఉప్పుది. అది మోసమని అనను, లేబుల్ మీద రాసే ఉంది. కాకపోతే అది చూసుకోకుండా పులుసులో ఎప్పటిలాగే ఉప్పేస్తే అయిపోయినట్టే. నేను చూసుకున్నాను, ఆ చట్టిలో ఉప్పు సగానికి తగ్గించాను.

చేప హైదరాబాద్ రాంనగర్ మార్కెట్లో తీసుకున్నాను. తొట్టిలో ఈదుతున్న కొరమేను, ఇక్కడి వాళ్ళు కొర్రమట్ట అంటారు, తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. మృగశిర కార్తె రోజు మాత్రం అటు వెళ్ళకండి, కాలు పెట్టే చోటుండదు. ముక్కలు కొట్టించి, ఇంటికొచ్చి కల్లుప్పు, పసుపు వేసి రుద్ది మూడుసార్లు కడిగాను. చెరువు చేపల్లో కొన్నిటికి మట్టి వాసన వస్తుంది కదా, అది జియోస్మిన్ అనే పదార్థం వల్ల. తొలకరి వాన పడినప్పుడు నేల నుంచి వచ్చే వాసనలోనూ అదే ఉంటుంది. నేలకి బాగుంటుంది, చేపకి బాగోదు. పులుపు తగిలితే అది తగ్గుతుంది. అందుకే మనవాళ్ళు చింతపండు పెట్టింది ఊరికే రుచి కోసమే కాదు.

రెండు చట్లలోనూ ఒకే పద్ధతి. వేరుశనగ నూనె, చిటికెడు ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయలు, నిలువునా చీల్చిన పచ్చిమిర్చి, ఒక టమాటా. అవి మగ్గాక పసుపు, కారం, ఉప్పు. అర కిలో ముక్కలకి పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి తీసిన రసం. ప్యాకెట్ చట్టిలో కారం కూడా తగ్గించాను, మసాలాలోనే ఉంది కాబట్టి. రసం పోశాక పావుగంట బాగా మరగనివ్వాలి. పచ్చి పులుపు పోయి, అంచుల దగ్గర నూనె చిన్న చిన్న కళ్ళలా తేలడం మొదలవుతుంది. అప్పుడు చేప ముక్కలు, మామిడి ముక్కలు. ఇక గరిటె పెట్టొద్దు. చట్టిని రెండు చేతులతో గుడ్డ వేసి పట్టుకుని ఇలా గుండ్రంగా ఊపడమే.

పొడి ఎప్పుడు వేయాలి అంటే, దించడానికి నాలుగైదు నిమిషాల ముందు. చెంచాన్నర, టీ చెంచాతో. మొదట్లోనే వేస్తే మెంతుల వాసన అంతా ఆవిరిలో పోయి చేదు మాత్రం చట్టిలో మిగులుతుంది. ప్యాకెట్ మీద మాత్రం ఉల్లిపాయలతో పాటు వేపమని రాసి ఉంది, దాన్ని అలాగే చేశాను. దాని న్యాయం దానికి జరగాలి కదా.

ఇప్పుడు అసలు పరీక్ష. రెండు గిన్నెలు ఒకేలాంటివి తీసుకుని, ఇంటి పొడి ఉన్న గిన్నె అడుగున బొట్టుబిళ్ళ అంటించాను. మా ఆయన, అత్తమ్మ, నేను. నాకెలాగూ తెలుసు కాబట్టి నా ఓటు లెక్కలోకి తీసుకోలేదు. రాత్రి వేడి వేడి అన్నంలో. మా ఆయన రెండు ముద్దలు తిని ప్యాకెట్ గిన్నె తన వైపు లాక్కున్నారు. "దీంట్లో మసాలా తెలుస్తోంది, అది చప్పగా ఉంది" అన్నారు. అత్తమ్మ కూడా అదే గిన్నె చూపించింది. నిజం చెప్పాలంటే నాకు కూడా ఆ పూట ప్యాకెట్ పులుసే ముందు నాలుకకి తగిలింది. ఎర్రటి రంగు, యాలకుల గుబాళింపు, దించగానే వీధి చివరిదాకా వాసన. ఇంటి పొడిది పులుపు ఒక పక్కన, మెంతి ఒక పక్కన, ఎవరికి వారే అన్నట్టుంది.

మిగిలింది చట్లలోనే ఉంచి, పూర్తిగా చల్లారాక మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున తీసి సన్న మంట మీద వెచ్చబెట్టాను. ఇది చూడండి, ఇంటి పొడి చట్టి. రాత్రి ఎర్రగా ఉన్న పులుసు ఇప్పుడు ముదురు గోధుమ రంగుకి వచ్చింది, పైన నూనె పొర తేలింది. గరిటెతో తీస్తే ముక్క అంచుల్లో పులుసు రంగు లోపలికి దిగి ఉంది, మధ్యలో మాత్రం తెల్లగా ఉంది. ఇడ్లీలో వేసుకుని తిన్నాం. అవును, ఇడ్లీలోనే, మా వైపు తినేది అలాగే, తినని వాళ్ళు ఒక్కసారి చూడండి. రాత్రి విడివిడిగా ఉన్న పులుపు, మెంతి, మామిడి అన్నీ ఒకటే రుచి అయిపోయాయి. ప్యాకెట్ చట్టి మాత్రం రాత్రి ఎలా ఉందో అలాగే ఉంది, పైగా యాలకుల వాసన ముందుకొచ్చి చేప వెనక్కి పోయింది. మా ఆయన కళ్ళు మూసుకుని చెప్పమంటే, "ఇది కోడికూర పులుసా?" అన్నారు. గిన్నెలు ఖాళీ అయ్యాక అడుగు తిప్పి బొట్టుబిళ్ళ చూపించాను.

కాబట్టి రాత్రి వండి రాత్రే గిన్నె కడిగేసే వాళ్ళైతే, ప్యాకెట్ కొనుక్కోండి, నేనేమీ అనను. మర్నాటికి మిగిల్చుకునే ఇల్లైతే ఇంటి పొడి.

ఇంకో పరీక్ష కూడా చేశాను, అందులో నా పొడి చిత్తుగా ఓడిపోయింది. వంజరం ముక్కలకి ఇదే పొడి, కారం, నిమ్మరసం పట్టించి పెనం మీద వేపాను. పులుసులో అంత బాగున్న మెంతులు, నూనెలో మళ్ళీ వేగేసరికి మాడి చేదెక్కాయి. బరక పొడి ముక్కకి అంటుకోకుండా పెనం మీద రాలిపోయింది. వేపుడుకి ప్యాకెట్ నయం. ఇంకా నయం ఏంటంటే కారం, ధనియాల పొడి, వెల్లుల్లి ముద్ద, కాస్త బియ్యప్పిండి, పైన కరివేపాకు. "అన్ని చేపల కూరలకీ ఒకే పొడి" అని ఎవరైనా చెబితే నమ్మకండి, నేను చెప్పినా సరే.

అత్తమ్మ అభ్యంతరం ఒకటి మిగిలే ఉంది. వాళ్ళది కరీంనగర్. పొద్దున తింటూ తల ఊపింది, బాగుంది అంది, ఇడ్లీ ఇంకోటి వేయించుకుంది. అన్నీ అయ్యాక, "కుడుక వేయకుండ చేపల పులుసేంది బిడ్డా" అంది. కుడుక అంటే ఎండుకొబ్బరి. వేపి పొడి చేసి వేస్తే పులుసు చిక్కగా, కమ్మగా వస్తుంది, కాదనను. కానీ దాన్ని సీసాలోని పొడిలో మాత్రం కలపకండి. కొబ్బరిలో నూనె ఉంటుంది, కొన్నాళ్ళకి ముక్కిపోయిన వాసన వచ్చి పొడి మొత్తం పాడవుతుంది. కావాలంటే ఆ పూటకి ఆ పూట వేపి కలుపుకోవడమే. ఉత్త పొడి అయితే తడి తగలకుండా గాజు సీసాలో పెట్టండి, స్టవ్ పక్కన అల్మారాలో వద్దు. చెడిపోదు కానీ వాసన రోజురోజుకీ తగ్గుతుంది, అందుకే నేను కొంచెం కొంచెంగానే కొడతాను. సీసా మీద తేదీ రాసి అంటించాను, కనిపిస్తోందా?

వేపుడు పొడి వచ్చే వారం చేస్తాను, ఈసారి పెనం మీద రాలకుండా. ప్రస్తుతానికి ఆపుతున్నా. వంటింట్లోంచి కొబ్బరి కోరే చప్పుడు వినిపిస్తోంది, ఆ సీసాలో అత్తమ్మ కుడుక కలిపేలోపు నేను వెళ్ళాలి.