గడ్డలు తేలేదాకా ఆగకూడదు

పాడి రైతులకు, గోపాలమిత్రలకు నమస్కారం. జబ్బు పడ్డ పశువులను లెక్కపెట్టినంత మాత్రాన ఊళ్లోకి వైరస్ ఎప్పుడొచ్చిందో తెలియదు. బాగున్న పశువుల మీద కూడా కన్నేయాలి. ఈరోజు నేను చెప్పేది దీని గురించే.

పశువుల ఒంటి మీద గడ్డలు తేలే వైరస్ జబ్బు, లంపీ స్కిన్, మీ అందరికీ తెలుసు. మన దేశంలో అది 2019లో ఒడిశాలో బయటపడింది. 2022లో గుజరాత్, రాజస్థాన్‌లను ఊపేసింది. ఆ ఒక్క ఏడాదే దేశంలో లక్షన్నరకు పైగా పశువులు పోయాయి. కుట్టే ఈగలు, దోమలు, పిడుదులు దీన్ని మోస్తాయి. ఆవు ఒంటి మీద గడ్డలు తేలి, మనం ఫోన్ చేసి, డాక్టరు వచ్చేసరికి ఆ ఈగలు పక్క కొట్టాలన్నీ తిరిగేసి ఉంటాయి. పైగా వైరస్ సోకిన ప్రతి పశువుకూ గడ్డలు రావు.

నీలి నాలుక (బ్లూటంగ్) అనే ఇంకో జబ్బు సంగతి ఇంకా విచిత్రం. గొర్రెలను చంపే ఆ వైరస్, ఆవుల్లో చాలాసార్లు ఏ లక్షణమూ చూపించకుండా వారాల తరబడి రక్తంలో ఉండిపోతుంది. ఆస్ట్రేలియాలో దీనికోసం, మనం మూడు రోజుల జ్వరం అంటామే దానికోసం కూడా, కాపలా మందలు పెట్టారు. అంతకుముందు వైరస్ తగలని లేత పశువులను ఎంచుకుని, కొన్నాళ్లకోసారి రక్తం తీసి యాంటీబాడీలు, అంటే వైరస్ తగిలాక దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యేవి, ఉన్నాయేమో చూస్తారు. పోయినసారి లేనివి ఈసారి కనిపిస్తే ఆ మధ్యకాలంలో వైరస్ అక్కడికి వచ్చినట్టే. పశువు మేత మానేసిందా, జ్వరం వచ్చిందా అన్నదాంతో పని లేదు. రాత్రిపూట లైటు ట్రాప్‌లు పెట్టి, నీలి నాలుకను మోసే కులికాయిడెస్ అనే నలుసంత పురుగులు ఎందాకా పాకాయో కూడా చూస్తారు. పశువులు ఎగుమతి చేసేటప్పుడు ఈ లెక్కలే చూపిస్తారు. వ్యాపారం ఉంది కాబట్టే అంత శ్రద్ధేమో, అయినా పద్ధతి మంచిది.

లంపీకి మాత్రం ఇది మనకు అంత సులువుగా కుదరదు. లంపీ రాకుండా గోట్ పాక్స్ (మేకల మశూచి) టీకా వేస్తున్నాం కదా, కనిపించిన యాంటీబాడీ టీకా వల్ల వచ్చిందో, జబ్బు వల్ల వచ్చిందో మామూలు పరీక్ష చెప్పలేదు. అందుకే గడ్డ మీద కట్టిన పొక్కు తీసి, వైరస్‌నే నేరుగా పట్టే పీసీఆర్ పరీక్షకు పంపాలి. రక్తంలో కంటే గడ్డలోనే వైరస్ చాలా ఎక్కువ. గడ్డలున్న పశువును వేరుగా కట్టి దోమతెర వేయమనేది కూడా అందుకే.

నీలి నాలుకకు, మూడు రోజుల జ్వరానికి మాత్రం మనమూ మొదలుపెట్టొచ్చు. మండలానికి కొన్ని పెయ్యలు చాలు. వానలకు ముందు ఒకసారి, తర్వాత నెలనెలా రక్తం తీయాలి. రక్తం తీస్తే పాలు తగ్గుతాయని కొందరి భయం. పెయ్య ఎలాగూ పాలివ్వదు కదా!

గోపాలమిత్రలకు ఒక మాట. సీసా మీద చెవిపోగు నంబరు, తేదీ రాయండి. ఫలితం రాగానే రైతుకు ఫోన్ చేసి చెప్పండి. చెప్పకపోతే వచ్చే నెల మిమ్మల్ని కొట్టంలోకి రానివ్వరు.