ఆ మొదటి విమానాన్ని ఎవరు చూశారు?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వారోత్సవాల్లో మాట్లాడమంటే పుస్తక పఠనం మీద నాలుగు మంచి మాటలు చెప్పి, శాలువా కప్పించుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. ఈసారికి ఆ పని నాకు వద్దు. 30 ఏళ్లకు పైగా పత్రికలో రాత్రి డ్యూటీలు చేసిన సబ్ ఎడిటర్ని. నాకు తెలిసిందల్లా వార్తలే. చిన్న పరీక్షతో మొదలుపెడతాను.

2001 సెప్టెంబరు 11 గుర్తున్నవాళ్లు చేతులెత్తండి. వెనక వరుసలో పిల్లలు తప్ప దాదాపు అందరూ ఎత్తారు. దించకండి. ఆ సాయంత్రం న్యూయార్క్‌లో మొదటి విమానం వచ్చి వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్‌ను ఢీకొట్టడం టీవీలో చూసినవాళ్లు మాత్రం అలాగే ఉంచండి. సగానికి పైగానే ఉన్నాయి. నా చెయ్యి కూడా పైనే ఉంది, చూడండి.

ఇక దించేయవచ్చు. మనలో ఎవరమూ చూడలేదు.

ఆ విమానం ఉత్తర టవర్‌ను ఢీకొన్నది అక్కడ ఉదయం 8:46కి. మనకు సాయంత్రం 6:16. అప్పటికి ఏ చానెల్ కూడా ఆ టవర్‌ను ప్రత్యక్షంగా చూపడం లేదు. చూపడానికి కారణం కూడా లేదు, అది మామూలు మంగళవారం ఉదయం. జూల్ నోడే అనే ఫ్రెంచి యువకుడు అగ్నిమాపక సిబ్బంది మీద డాక్యుమెంటరీ తీస్తూ వాళ్ల వెంట తిరుగుతున్నాడు. వీధిలో గ్యాస్ వాసన వస్తోందని ఎవరో ఫిర్యాదు చేస్తే చూడటానికి వచ్చారు. నెత్తి మీద విమానం హోరు వినిపించి అతను కెమెరా పైకి తిప్పాడు. మనకు బాగా తెలిసిన ఆ దృశ్యం అలా దొరికింది. అమెరికాలో ఆ పగలంతా అది ఏ చానెల్లోనూ రాలేదు. సాయంత్రం మన కళ్ల ముందు జరిగింది రెండో విమానం, 6:33కి. తర్వాతి రోజుల్లో మొదటిది ముందు, రెండోది వెనక, వరుసగా పేర్చి ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు. టీవీ పేర్చిన ఆ వరుసనే మన మెదడు తీసుకెళ్లి 11వ తేదీ సాయంత్రపు గదిలో సర్దేసింది.

ఇది మన దేశంలో దూరాన కూర్చున్నందుకు వచ్చిన పొరపాటు అనుకోకండి. క్యాథీ పెజ్‌డెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికా విద్యార్థులనే, కొన్ని వారాలకే అడిగారు. మొదటి విమానం దృశ్యాన్ని ఆ రోజే టీవీలో చూశామని 73 శాతం మంది చెప్పారు. అధ్యక్షుడు జార్జి బుష్ కూడా ఆ పద్దులోనే ఉన్నారు. ఫ్లోరిడాలో బడిపిల్లల తరగతిలోకి వెళ్లే ముందు టీవీలో మొదటి విమానం ఢీకొనడం చూశానని కొన్ని నెలల్లోనే రెండు సభల్లో చెప్పారు. కుట్ర సిద్ధాంతాల వాళ్లకు పండగ: చూడటానికి వీల్లేనిది చూశాడంటే ముందే తెలుసన్నమాట! పాపం, ఆయన చేసిన నేరమల్లా మనం ఇందాక చెయ్యెత్తినట్టు చెయ్యెత్తడమే.

అమెరికా చరిత్రలో పెద్ద ఘట్టాలను రేడియో, టీవీ జనం ఇళ్లలోకి తెచ్చాయని, దేశమంతా ఒకేసారి చూసిందని పుస్తకాల్లో చదువుతాం. నిజమే. కానీ ఆ ఒక్కసారి చూసింది ఎంతమందికి మిగిలింది? మిగిలింది ఎక్కువగా తర్వాత కత్తిరించి, అతికించి, మళ్లీ మళ్లీ వేసినది. మన ఊళ్లో ఎవరినైనా కళ్లు మూసుకుని శ్రీకృష్ణుణ్ణి తలుచుకోమనండి. ఎన్.టి. రామారావు ముఖం వస్తుంది. కృష్ణుడి విషయంలో ఇబ్బంది లేదు, భక్తికి భక్తి దక్కుతుంది. కళ్లెదుట జరిగిన చరిత్రకూ అదే జరిగితే?

1937 మే 6. జర్మనీ నుంచి వచ్చిన హిండెన్‌బర్గ్ అనే హైడ్రోజన్ గగననౌక న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో దిగబోతూ తగలబడింది. 36 మంది చనిపోయారు. చికాగో రేడియో వ్యాఖ్యాత హెర్బర్ట్ మారిసన్ ఏడుపు గొంతుతో అరిచిన అరుపు, మంటల్లో కుప్పకూలుతున్న ఆ ఓడ: రెండూ కలిపి మీరూ ఎప్పుడో చూసి ఉంటారు. ఆ రోజు అలా చూసినవాళ్లు, విన్నవాళ్లు ఒక్కరూ లేరు. మారిసన్ ప్రత్యక్ష ప్రసారంలో లేడు, డిస్కు మీద రికార్డు చేస్తున్నాడు. అది రేడియోలో వినిపించింది మర్నాడు. బొమ్మ తీసింది న్యూస్‌రీల్ వాళ్లు, అది సినిమా హాళ్లలో ఆడింది. బొమ్మకు ఆ గొంతును అతికించింది చాలాకాలం తర్వాత. పైగా రికార్డింగ్ యంత్రం వేగం తేడా వల్ల మారిసన్ గొంతు అసలు కన్నా కీచుగా వినిపిస్తుంది. ఆయన సహజంగా గంభీరమైన గొంతున్న మనిషి.

మరుసటి సంవత్సరం అక్టోబరు 30న సి.బి.ఎస్. రేడియోలో ఆర్సన్ వెల్స్ బృందం అంగారక గ్రహవాసులు దండెత్తి వచ్చినట్టు నాటకం వేస్తే అమెరికా అంతా వీధుల్లోకి పరిగెత్తిందని మేము జర్నలిజం పాఠాల్లో చదువుకున్నాం. అదే రాత్రి చేసిన శ్రోతల సర్వేలో ఆ నాటకం వింటున్నామన్నవాళ్లు 2 శాతం. అక్కడక్కడా భయపడ్డవాళ్లు ఉన్నారు, లేరనను. దేశమంతా పరిగెత్తింది మాత్రం మర్నాటి పత్రికల పేజీల్లోనే. తమ ప్రకటనలను రేడియో ఎగరేసుకుపోతోందన్న కడుపుమంటలో పత్రికలవాళ్లు ఉన్నారప్పుడు. మా జాతి సంగతి నాకు తెలుసు.

ఇక అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య. ఇక్కడ కాస్త ఆగనివ్వండి. ఇది మా వృత్తివాళ్లకు భారతంలో ద్రోణపర్వం లాంటిది.

1963 నవంబరు 22, డాలస్‌లో మధ్యాహ్నం 12:30. మన గడియారంలో సరిగ్గా అర్ధరాత్రి 12 గంటలు. అధ్యక్షుడి ఊరేగింపులో కొన్ని కార్ల వెనక విలేఖరుల కారు, అందులో ఒకే ఒక్క రేడియో ఫోను. ముందు సీట్లో యు.పి.ఐ. అనే వార్తా సంస్థ విలేఖరి మెరిమన్ స్మిత్, వెనక సీట్లో దాని పోటీ సంస్థ ఎ.పి. విలేఖరి జాక్ బెల్. తుపాకీ చప్పుడు వినగానే స్మిత్ ఫోను లాక్కుని కారు పరిగెడుతుండగానే వార్త చెప్పేశాడు. 12:34కి యు.పి.ఐ. టెలిప్రింటర్ల మీద అది టకటకా అచ్చవుతోంది. బెల్ వెనక నుంచి వీపు మీద గుద్దుతున్నా స్మిత్ ఫోను వదల్లేదు. చెప్పింది సరిగా వినిపించలేదని, మళ్లీ చదవమని అవతలివాళ్లను అడుగుతూ సాగదీశాడు. స్మిత్‌కు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఒక దేశం దుఃఖం, ఇద్దరు విలేఖరుల తన్నులాటలోంచి లోకానికి తెలిసింది.

సి.బి.ఎస్. టీవీలో మధ్యాహ్నం సీరియల్ నడుస్తోంది. దాన్ని ఆపి వాల్టర్ క్రాంకైట్ వార్త చెప్పారు, గొంతు మాత్రమే. ఆ రోజుల్లో స్టూడియో కెమెరాల ట్యూబులు వేడెక్కడానికే బోలెడు సమయం పట్టేది. ముఖం కనిపించింది తర్వాత. న్యూయార్క్ సమయం 2:38కి కళ్లద్దాలు తీసి గోడ గడియారం వైపు చూసి, మరణవార్త చెప్పి, ఒక్క క్షణం గొంతు పెగలక ఆగిన ఆ ముక్క ఇప్పటికీ వేస్తుంటారు.

హత్య మాత్రం ఏ టీవీలోనూ రాలేదు. దాన్ని సరిగ్గా పట్టింది డాలస్‌లో ఆడవాళ్ల దుస్తుల వ్యాపారం చేసుకునే ఏబ్రహం జప్రూడర్ చేతిలోని ఇంటి కెమెరా. 26 సెకన్ల మూగ ఫిల్ము. లైఫ్ పత్రిక 150,000 డాలర్లకు హక్కులు కొని, విడి ఫ్రేములుగా అచ్చు వేసుకుంది, అందులోనూ తలకు తగిలిన ఆ ఒక్క ఫ్రేమును దాచింది. అది కదిలే బొమ్మగా దేశవ్యాప్తంగా టీవీలో వచ్చింది 1975 మార్చిలో. అంటే 11 ఏళ్లు దాటాక.

మా అబ్బాయి డాలస్ శివారు ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లందరినీ పిల్లలు ఒకసారి కెనెడీ హత్య జరిగిన డీలీ ప్లాజాకు తీసుకెళ్తారు, మమ్మల్నీ తీసుకెళ్లాడు. రోడ్డు మీద తూటా తగిలిన చోట తెల్ల ఇంటూ గుర్తు. పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన, నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద ఉంటాడు, మాట కలిపాడు. ఆ రోజు బడి నుంచి పంపించేస్తే ఇంటికి వెళ్లి ఇదంతా టీవీలో చూశాడట. కెనెడీ భార్య గులాబీ రంగు దుస్తుల్లో కారు వెనక్కి పాకడం కూడా. జప్రూడర్ తేదీలు నా నాలుక చివరికి వచ్చాయి. పైగా అప్పట్లో వార్తలన్నీ నలుపు తెలుపే. మా అబ్బాయి చెయ్యి నొక్కాడు, ఊరుకున్నాను.

ఆ నాలుగు రోజుల్లో ప్రత్యక్షంగా కనిపించిన హత్య ఒకటుంది. 24వ తేదీ ఆదివారం, నిందితుడు ఆస్వాల్డ్‌ను పోలీసు భవనం నేలమాళిగలోంచి తీసుకెళ్తుంటే జాక్ రూబీ కాల్చాడు. ఆ క్షణాన్ని దేశమంతటా ప్రత్యక్షంగా చూపింది ఎన్.బి.సి. ఒక్కటే. మిగతా చానెళ్ల ముందు కూర్చున్నవాళ్లు చూసింది తర్వాత వేసిన టేపు. ఇప్పుడు అడిగితే ఎవరు ఏ చానెల్ ముందు కూర్చున్నారో చెప్పగలరా?

కెనెడీ, నిక్సన్ల 1960 అధ్యక్ష ఎన్నికల చర్చ గురించి ఒక్క మాట. టీవీలో చూసినవాళ్లు కెనెడీ గెలిచాడన్నారు, రేడియోలో విన్నవాళ్లు నిక్సన్ గెలిచాడన్నారు అని నేను కనీసం పది వ్యాసాల్లో రాసి ఉంటాను. దానికి ఆధారం ప్రధానంగా ఒక్క వ్యాపార సంస్థ సర్వే, అందులో రేడియో విన్నవాళ్లు 300 మంది కూడా లేరు. ఈ వేదిక మీద నుంచి ఆ పది వ్యాసాలూ వెనక్కి తీసుకుంటున్నాను.

చంద్రుడి సంగతికి వస్తే ముద్దాయిలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది మన కాలమానంలో 1969 జులై 21 సోమవారం ఉదయం 8:26కి. మా మేనమామ కాకినాడలో టీవీలో చూశానని పెళ్లిళ్లలో చెప్పేవాడు. అప్పటికి దేశంలో టీవీ ఢిల్లీలో తప్ప లేదు. హైదరాబాద్‌కే 1977లో వచ్చింది. "రేడియో పెట్టుకుని పళ్లు తోముకుంటూ విన్నారు, నేనే పక్కన నీళ్లు పోశాను" అని మా అత్తయ్య తీసిపారేసేది. ఆయన మాత్రం తగ్గేవాడు కాదు. నవ్వే అర్హత నాకు లేదు. చంద్రుడి మీద తెల్ల దుస్తుల్లో, అద్దం లాంటి హెల్మెట్‌తో నిలబడ్డ వ్యోమగామి ఫొటో మీ అందరికీ తెలుసు. ఏటా జులైలో ఆ ఫొటో కింద "ఆర్మ్‌స్ట్రాంగ్" అని నేనే రాసేవాణ్ణి. ఫొటోలో ఉన్నది ఆయన వెంట దిగిన బజ్ ఆల్డ్రిన్. కెమెరా ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలో ఉంది. అందుకే చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్‌కు మంచి ఫొటోలు దాదాపు లేవు. ఈ ఫొటోలోనూ ఉన్నాడు, ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దంలో చిన్న చుక్కలా.

దీన్నంతా శాస్త్రంగా పట్టుకున్న మనిషి అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన వార్త విన్నప్పుడు ఆయనకు ఇంకా 13 ఏళ్లు నిండలేదు. హాలులో కూర్చుని రేడియోలో బేస్‌బాల్ ఆట వింటుంటే మధ్యలో ఆపి చెప్పారని ఆయనకు స్పష్టంగా గుర్తు. ఎన్నో ఏళ్ల తర్వాత ఒకరోజు తట్టింది: డిసెంబరులో బేస్‌బాల్ ఎక్కడిది?

1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక ఎగిరిన 73 సెకన్లకు ముక్కలై ఏడుగురు చనిపోయారు. మర్నాడు పొద్దున్నే నైసర్, నికోల్ హార్ష్ కలిసి అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో 106 మంది విద్యార్థులకు కాగితాలు ఇచ్చారు: వార్త ఎలా తెలిసింది, ఎక్కడున్నావు, ఎవరు చెప్పారు, రాయండి. రెండున్నర ఏళ్ల తర్వాత దొరికిన 44 మందిని మళ్లీ అడిగారు. రెండు జవాబులనూ పోల్చి మార్కులు వేస్తే, ఏడు మార్కులకు ఏడూ వచ్చింది ముగ్గురికి. 11 మందికి సున్నా. నాకు ముఖ్యమనిపించే లెక్క ఇంకొకటి. మొదటి కాగితంలో టీవీ ద్వారా తెలిసిందని రాసినవాళ్లు తొమ్మిది మంది, రెండోసారి 19 మంది. తరగతిలో తోటివాళ్లు చెప్పగా తెలుసుకున్న అమ్మాయి జ్ఞాపకంలో హాస్టల్ గదిలో టీవీ ముందు కూర్చుంది. నిజానికి ఆ ప్రయోగాన్ని ప్రత్యక్షంగా చూపిన జాతీయ చానెల్ సి.ఎన్.ఎన్. ఒక్కటే. పెద్ద నెట్‌వర్కులు మామూలు కార్యక్రమాలకు వెళ్లిపోయాయి. వ్యోమనౌకలో క్రిస్టా మెకాలిఫ్ అనే పంతులమ్మ ఉన్నందువల్ల నాసా ప్రసారాన్ని బడుల్లో పెట్టుకుని చూసిన పిల్లలు ఉన్నారు. ఆ ఘోరం వాళ్లు నిజంగానే చూశారు.

ఆ 44 మందికి చివరికి వాళ్ల కాగితాలు వాళ్లకే చూపించారు. గుర్తొస్తుందేమో అని. రాలేదు. ఇది నా చేతిరాతే, కానీ ఇలా జరగలేదు అన్న ధోరణిలో మాట్లాడారు.

ఇది చదివి నేను చాలా ధీమాగా ఉన్నాను. ఎందుకంటే ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. ప్రమాదం జరిగింది మన లెక్కలో రాత్రి 10:09కి. టెలిప్రింటర్ గంట మోగింది. జిల్లా ఎడిషన్ అప్పటికే వెళ్లిపోయింది. ఆకాశంలో రెండు కొమ్ములుగా చీలిన తెల్ల పొగ ఫొటోను సిటీ ఎడిషన్ మొదటి పేజీలో నాలుగు కాలమ్‌లలో పెట్టాను, ఫోర్‌మన్‌తో గొడవపడి మరీ. ఆ గొడవ కూడా గుర్తుంది.

ఈ ప్రసంగం కోసం పోయిన వారం ఇదే గ్రంథాలయానికి వచ్చి 1986 బైండు వాల్యూమ్ తీయించాను. జనవరి 29, సిటీ ఎడిషన్, మొదటి పేజీ. అడుగున రెండు కాలమ్‌ల వార్త ఉంది. ఫొటో లేదు. పొగ ఫొటో 31న లోపలి పేజీలో వచ్చింది. "మీరు వేరే పేపరు అనుకుంటున్నారేమో సార్" అన్నారు లైబ్రేరియన్ గారు. ఆ వేరే పేపరు కూడా తీయించాను. అందులోనూ లేదు.