ఇరవై మంది ఆఫీసుకు వైఫై: ఈఏపీ610 రివ్యూ, అంతకుముందు గోడల రివ్యూ

నమస్కారం. ఈ రోజు బల్ల మీద రెండు పరికరాలున్నాయి. ఒకటి టీపీ-లింక్ ఒమాడా ఈఏపీ610. రెండోది, గుండ్రంగా పళ్లెంలా ఉన్నది, యుబిక్విటీ వాళ్ల యూ6 ప్లస్. రెండూ వైఫై 6 యాక్సెస్ పాయింట్లే, అంటే తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా గాలిలోకి వదిలే పెట్టెలు. రెండూ సీలింగుకు బిగించుకునేవే. తీర్పు చివరిదాకా దాచిపెట్టను: చిన్న ఆఫీసుకు నేనైతే ఈఏపీ610 కొంటాను. కానీ ఒకటి కొనాలా, రెండా, మూడా అన్నది డబ్బా మీద ఎక్కడా రాసి ఉండదు. దానికి జవాబు మీ గోడల దగ్గర ఉంది. అందుకే వీడియోలో సగానికి పైగా గోడలూ తీగలే ఉంటాయి. మెరిసే పెట్టెల కోసమే వచ్చినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి.

లెక్క చెప్పడానికి ఒక ఆఫీసు కావాలి కదా. విజయవాడ గవర్నర్‌పేటలో కనిపించే రకం ఆడిటర్ గారి ఆఫీసు అనుకుందాం. పాత ఇంటి కింది అంతస్తు, సుమారు పద్దెనిమిది వందల చదరపు అడుగులు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు. ముందు హాలు, వెనక మూడు గదులు, మధ్యలో నడవా. నడవా పొడవునా ఇనుప బీరువాలు, వాటి నిండా ఫైళ్లు. ఇరవై మంది సిబ్బంది. ఒక కంప్యూటర్‌లో టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా, రెండు ప్రింటర్లు, తలుపు దగ్గర వేలిముద్రల హాజరు యంత్రం, నాలుగు సీసీ కెమెరాలు. రోజూ వచ్చిపోయే క్లయింట్లు, వాళ్లు కూర్చున్న వెంటనే అడిగేది వైఫై పాస్‌వర్డు. నెలలో 11న, 20న జీఎస్టీ రిటర్నుల గడువు. ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఆగితే ఆడిటర్ గారి ముఖం చూడలేం.

ఇలాంటి చోట మామూలుగా జరిగేది ఏమిటంటే, ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చి, ఫైబర్ ఏ కిటికీ గుండా లోపలికి వచ్చిందో ఆ కిటికీ పక్కనే రూటర్ పెట్టి వెళ్లిపోతాడు. వెనక గదిలో సిగ్నల్ రాదు. ఎవరో రిపీటర్ కొనమంటారు. కొంటారు. ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తాయి, వేగం మాత్రం సగానికి పడిపోతుంది. కారణం సులువే. రిపీటర్ అదే రేడియో మీద ఒకసారి విని, అదే మాట మళ్లీ చెప్పాలి. ప్రతి ప్యాకెట్టూ గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది. తీగ లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మెష్ పెట్టెల్లోనూ, ఆ మాటలకు వేరే రేడియో లేకపోతే, ఇదే కథ. ఇంట్లో సర్దుకోవచ్చు. ఇరవై మంది కూర్చునే చోట సర్దుకోలేం.

సరే, గోడల సంగతి. సిగ్నల్‌ను డీబీఎం అనే కొలతలో చూస్తారు. అంకె ముందు మైనస్ ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. మైనస్ 50 అంటే చాలా బాగుంది. వీడియో కాల్, వైఫై మీద ఫోన్ మాటలు తెగకుండా నడవాలంటే మైనస్ 67 దగ్గర ఆగాలి. మైనస్ 75కి పడిందంటే గీతలు కనిపిస్తున్నా పని జరగదు. ఈ లెక్కలో 3 డెసిబెల్స్ తగ్గితే శక్తి సగం, 10 తగ్గితే పదో వంతు. జిప్సం బోర్డు గోడ రెండు మూడు డెసిబెల్స్ తింటుంది. గాజు పలక కూడా దాదాపు అంతే, ఎండ తగలకుండా లోహపు పూత ఉన్న గాజు మాత్రం చాలా ఎక్కువ తింటుంది. మన రెండు పెట్టెల వైఫై రెండు బ్యాండ్లలో నడుస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మన ఇటుక గోడ 5 గిగాహెర్ట్జ్ మీద ఆరు నుంచి పది దాకా, కాంక్రీటు గోడ అంతకు రెట్టింపు. ఇక ఇనుప బీరువాను గోడగా కూడా లెక్కపెట్టకండి. దాని వెనక నీడే. పది తినే గోడ ఒకటి దాటితే పదో వంతు, అలాంటివి రెండు దాటితే నూరో వంతు. ముందు హాలులో పెట్టిన పెట్టె మూడో గదికి ఎందుకు చేరదో ఇప్పుడు అర్థమైందా?

కాబట్టి కొనే ముందు చేయాల్సిన పని: కాగితం మీద నక్షా గీయండి. చేత్తో గీసినా చాలు. తెర మీద నేను గీసింది చూడండి, చిత్రకళ బాగాలేదు, పని బాగుంటుంది. అందులో గోడలు, బీరువాలు, మనుషులు కూర్చునే చోట్లు, ముఖ్యంగా వీడియో కాల్స్ జరిగే గది గుర్తు పెట్టండి. తర్వాత ఒక్క యాక్సెస్ పాయింట్ అరువు తెచ్చుకోండి లేదా ఒకటే కొనండి. నిచ్చెన మీద సీలింగు ఎత్తులో తాత్కాలికంగా నిలబెట్టి, ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై అనలైజర్ రకం ఉచిత యాప్ వేసుకుని ప్రతి కుర్చీ దగ్గరికీ నడవండి. గది తలుపులు మూసి నడవండి, ఎందుకంటే ఆడిటర్ గారు మీటింగులో ఉన్నప్పుడు తలుపు మూసే ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ అంకె రాసుకోండి. మైనస్ 67 కంటే దిగిన చోటల్లా ఎర్ర చుక్క పెట్టండి. ఎర్ర చుక్కలే మీకు రెండో పెట్టె ఎక్కడో చెబుతాయి.

మన నమూనా ఆఫీసులో జవాబు రెండు. ఒకటి ముందు హాలు సీలింగుకు, రెండోది వెనక మధ్య గదిలో. నడవాలో పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది, ఎందుకంటే తీగ లాగడం తేలిక. వద్దు. నడవాలో మనుషులు లేరు, బీరువాలున్నాయి. ఫాల్స్ సీలింగ్ ఉంటే దాని కింద బిగించండి, అందం కోసం పైన దాచకండి. ఫ్యాను రెక్కలకు దూరంగా పెట్టండి.

ఇక తీగలు. నా అభిప్రాయంలో బడ్జెట్‌లో బేరం ఆడకూడని ఒకే ఒక చోటు ఇది. ఒక్కో యాక్సెస్ పాయింట్‌కూ నెట్‌వర్క్ స్విచ్ (తీగలన్నీ కలిసే పెట్టె) దగ్గరి నుంచి నేరుగా ఒక క్యాట్6 రకం నెట్‌వర్క్ తీగ, మధ్యలో అతుకు లేకుండా. పొడవు వంద మీటర్ల లోపు ఉండాలి, చిన్న ఆఫీసులో ఆ గీత దాటే పరిస్థితే రాదు. అసలు మోసం వేరే చోట ఉంది. బజారులో క్యాట్6 పేరుతో, అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగ అమ్ముతారు. చూడటానికి ఒకేలా ఉంటుంది, ధర తక్కువ. దాని నిరోధం ఎక్కువ, వంచితే విరుగుతుంది, అందులోంచి కరెంటు కూడా పంపితే వేడెక్కుతుంది. 305 మీటర్ల పెట్టె కొనేటప్పుడు చేతితో ఎత్తి చూడండి, రాగిది బరువుగా ఉంటుంది. చివర ఒక పోగు బ్లేడుతో గీరండి. లోపల తెల్లగా మెరిస్తే తిరిగి ఇచ్చేయండి. షాపువాళ్లు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

కరెంటు కూడా పంపితే అన్నాను కదా, అది పీఓఈ. డేటా తీగలోనే విద్యుత్తు కూడా వస్తుంది, సీలింగు దగ్గర ప్లగ్గు అక్కర్లేదు. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణం పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుంది, 2009లో వచ్చిన 802.3ఏటీ 30 వాట్లు. మన రెండు పరికరాలకు ఇక్కడే తేడా. యూ6 ప్లస్ పాత ఏఎఫ్ స్విచ్ మీద కూడా నడుస్తుంది. ఈఏపీ610కి ఏటీ కావాలి. ఇంట్లో పడి ఉన్న పాత పీఓఈ స్విచ్‌తో పని కానిద్దాం అనుకుంటే ముందు దాని వెనక అక్షరాలు చదవండి. పీఓఈలో నాకు అన్నిటికంటే నచ్చేది ఏమిటంటే, స్విచ్‌నూ రూటర్‌నూ ఫైబర్ పెట్టెనూ ఒకే యూపీఎస్ మీద పెట్టేస్తే, కరెంటు పోయినా ఆఫీసంతా వైఫై బతికే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం దీని విలువ వేరే చెప్పాలా?

ఇప్పుడు డబ్బా మీది అంకెలు. ఈఏపీ610 మీద ఏఎక్స్1800 అని ఉంటుంది. సెకనుకు 2.4 గిగాహెర్ట్జ్ మీద 574 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్ మీద 1201, రెండూ కూడి పైకి సవరించారు. ఏ ఒక్క ఫోనూ ఒకేసారి రెండు చోట్లా ఉండదు, కాబట్టి ఆ మొత్తం ఎవరికీ దక్కదు. యూ6 ప్లస్ ఇంకా ముందుకెళ్లి 5 గిగాహెర్ట్జ్ మీద 2.4 గిగాబిట్లు అంటుంది. దానికి 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్, అంటే గాలిలో అంత వెడల్పు దారి, కావాలి. సరే, అంత వేగం గాలిలో వచ్చిందే అనుకుందాం. కింద ఉన్న తీగ పోర్టు ఎంత? ఒక గిగాబిట్. రెండిటికీ అంతే. మీ ఇంటర్నెట్ ప్లాను ఎంత? బహుశా వందో రెండొందలో. కాబట్టి ఆ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టవద్దు.

ఇంటర్నెట్ ప్లాను విషయంలోనూ భయపెట్టి అమ్ముతారు. ఒక వీడియో కాల్‌కు మూడు ఎంబీపీఎస్ అనుకోండి. ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడితే ఇరవై నాలుగు. జీఎస్టీ పోర్టల్‌కు మెగాబిట్ల ఆకలి లేదు. మంచి వంద ఎంబీపీఎస్ కనెక్షన్ ఇరవై మందికి సరిపోతుంది, అప్‌లోడ్ కూడా వందే ఉందో లేదో అడగండి. మిగిలిన డబ్బుతో వేరే కంపెనీ నుంచి రెండో కనెక్షన్ తీసుకోండి. 20వ తేదీన అది కాపాడుతుంది. ఒమాడా ఈఆర్605 లాంటి చిన్న రూటర్ రెండు కనెక్షన్లు పట్టుకుని, ఒకటి ఆగితే రెండోదానికి మారుతుంది.

బిగించాక అమరికలు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటించకండి. పక్కింటివాళ్లు, పై అంతస్తువాళ్లు కూడా అక్కడే ఉంటారు. 5 గిగాహెర్ట్జ్‌లో 40 వెడల్పు పెట్టి, ఒక పెట్టెకు 36, ఇంకోదానికి 149 ఇవ్వండి. 80 పెడితే వేగం పరీక్షలో అంకె అందంగా వస్తుంది, కానీ వెడల్పు పెరిగేకొద్దీ పక్కవాళ్ల రొద కూడా ఎక్కువ వినాల్సి వస్తుంది.

ప్రసార శక్తిని పూర్తిగా పెంచేయడం అందరికీ ఉన్న అలవాటు. పెళ్లి మండపంలో మైకు పట్టుకున్నాయన మాట వీధి చివర దాకా వినిపిస్తుంది, అక్కడి నుంచి మీరు అరిస్తే ఆయనకు వినపడదు. యాక్సెస్ పాయింట్ మైకు, మీ ఫోను గొంతు. ఫోను బ్యాటరీకి అంత శక్తి లేదు. పైగా వెనక గదికి వెళ్లిన ఫోను ముందు హాలు పెట్టెనే పట్టుకుని వేలాడుతుంది, దగ్గరున్నదానికి మారదు. మధ్యస్థంగా పెట్టండి, మళ్లీ ఫోను పట్టుకుని నడవండి.

నెట్‌వర్క్ పేర్లు మూడు చాలు: సిబ్బందికి ఒకటి, వచ్చేవాళ్లకు ఒకటి, యంత్రాలకు ఒకటి. ప్రతి పేరూ సెకనుకు పదిసార్లు నేనున్నాను అని గాలిలో చాటుకుంటుంది, ఎనిమిది పేర్లు పెడితే ఆ చాటింపుకే కాలం పోతుంది. మూడిటినీ వీల్యాన్‌తో, అంటే ఒకే తీగ మీద వేరు వేరు నెట్‌వర్కులు నడిపే పద్ధతితో, విడగొట్టండి, క్లయింటు ఫోనుకు మీ టాలీ కంప్యూటర్ కనబడకూడదు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే రూటర్లు చాలావాటికి ఇది సరిగా రాదు. వాటిలోని వైఫై ఆపేసి, పని వేరే రూటర్‌కు ఇవ్వండి. యంత్రాల నెట్‌వర్క్ 2.4 మీద, డబ్ల్యూపీఏ2 అనే పాత భద్రతా పద్ధతితో ఉంచండి. పాత ప్రింటరూ హాజరు యంత్రమూ కొత్తదైన డబ్ల్యూపీఏ3 చూస్తే లోపలికి రావు. సిబ్బందికి రెండూ కలిసిన పద్ధతి.

టాలీ డేటా ఉన్న కంప్యూటర్, దాన్ని రోజంతా వాడే కంప్యూటర్లు, కెమెరాలు: వీటికి వైఫై వద్దు, తీగ వేయండి. టాలీ ఆ ఫోల్డర్‌ను చిన్న చిన్న ముక్కలుగా చదువుతూ రాస్తూ ఉంటుంది. మధ్యలో ఒక్క క్షణం కనెక్షన్ తెగినా డేటా దెబ్బతినే ప్రమాదం ఉంది. వైఫై రివ్యూలో తీగ వేయమంటున్నానని నవ్వకండి. కదలనివన్నీ తీగ మీదికి పోతే, గాలి కదిలేవాటికి మిగులుతుంది.

మరి ఈఏపీ610నే ఎందుకు? కంట్రోలర్ (అన్ని పెట్టెలనూ ఒకే చోట నుంచి నడిపేది) లేకుండా, బ్రౌజర్ పేజీ నుంచే ఇంత పనీ చేసుకోవచ్చు. రెండో పెట్టె వచ్చాక కలిపి నడపాలంటే ఒమాడా సాఫ్ట్‌వేర్ ఉచితం, లేదా ఓసీ200 అనే చిన్న పెట్టె ఉంది. యూ6 ప్లస్ యాప్ చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ అది పూర్తిగా విచ్చుకోవాలంటే వాళ్ల కంట్రోలర్ కావాలి, డబ్బాలో పీఓఈ ఇంజెక్టర్ కూడా రాదు. మీకు ఇప్పటికే యూనిఫై (యుబిక్విటీ వాళ్ల శ్రేణి పేరు) రూటర్ ఉంటే మాత్రం సందేహం లేకుండా యూ6 ప్లస్ తీసుకోండి. ఐదారుగురి ఆఫీసైతే పాత ఈఏపీ225 కూడా చాలు.

వైఫై 7 కోసం ఆగాలా అని అడుగుతారు. దాని అసలు బలం 6 గిగాహెర్ట్జ్‌లో ఉంది. ఆ బ్యాండ్ కింది భాగాన్ని, 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు, లైసెన్సు లేకుండా గదుల్లో తక్కువ శక్తితో వాడుకోనివ్వడానికి కేంద్రం 2025 మేలో ముసాయిదా నిబంధనలు ప్రకటించింది. కానీ వైఫై 7 అని రాసి, 6 గిగాహెర్ట్జ్ రేడియోనే లేని పెట్టెలు కూడా అమ్ముతున్నారు. అలాంటిదానికి ఇప్పుడు అదనంగా డబ్బు పెట్టను.

ఇంకొకటి. డాలస్ నుంచి బావగారు వస్తున్నారు, అక్కడ చవక, రెండు తెమ్మందాం అనుకునేవాళ్లున్నారు. అమెరికాలో అమ్మే యూనిఫై పెట్టెలు ఆ దేశపు ఛానళ్లకే తాళం వేసి వస్తాయి, ఇండియా అని మార్చే వీలు ఉండదు. మన దేశంలో అమ్మే పరికరానికి ఈటీఏ అనే ప్రభుత్వ అనుమతి ఉండాలి, వారంటీ కూడా ఇక్కడిది ఉంటుంది. బావగారిని చాక్లెట్లు తెమ్మనండి.