1968 క్యాడిలాక్‌కి నాలుగో గేరు: పాత గేర్‌బాక్స్ దించే ముందు

[దృశ్యం: పొడవాటి బోనెట్ మీదుగా టెక్సాస్ హైవే. స్పీడోమీటర్ 70 మైళ్ల దగ్గర. ఇంజన్ హోరు.]

ఈ హోరు విన్నారా? ఇది 1968 క్యాడిలాక్ కూప్ డివిల్. 70 మైళ్లంటే మన లెక్కలో గంటకు సుమారు 113 కిలోమీటర్లు. ఈ వేగంలో ఇంజన్ నిమిషానికి సుమారు 2,450 చుట్లు తిరుగుతోంది. కొత్త కార్లలో ఇదే వేగానికి అంత తిరగనక్కర్లేదు, ఎందుకంటే వాటికి పై గేర్లు ఉన్నాయి. దీనికి మూడే.

[దృశ్యం: గరాజ్. కారు నాలుగు స్టాండుల మీద. కెమెరా కింద నుంచి.]

ఇదిగో ఆ గేర్‌బాక్స్. పేరు టర్బో హైడ్రామాటిక్ 400. 1964లో క్యాడిలాక్, బ్యూయిక్ కార్లలో మొదటిసారి వచ్చింది. "పాతది కదా, తీసేసి గట్టిది వేయాలా అన్నా?" అని అడుగుతుంటారు. గట్టిదనం కోసమైతే ముట్టుకోవద్దు. రోల్స్ రాయిస్ దీన్ని కొని తన సిల్వర్ షాడోలో పెట్టుకుంది. జాగ్వార్ వాళ్లు పన్నెండు సిలిండర్ల కార్లకి వాడారు. ఆఖరికి ఫెరారీ కూడా 1976లో తన మొదటి ఆటోమేటిక్ కారుకి దీన్నే తెచ్చుకుంది. దీనికి బలం తక్కువ కాదు, ఒక గేరు తక్కువ, అంతే.

షాఫ్ట్ ఒక చుట్టుకి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే లెక్క ఇది: మొదటి గేరు 2.48, రెండోది 1.48, మూడోది 1.00. మూడో గేరులో ఇంజన్ ఒక చుట్టు తిరిగితే వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఒక చుట్టే తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ అంటే దానిపైన ఇంకో గేరు. ఇంజన్ ముప్పావు చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ ఒక చుట్టు పూర్తి చేస్తుంది.

ఈ ఇంజన్ 472 క్యూబిక్ అంగుళాలు, అంటే 7.7 లీటర్లు. మన స్విఫ్ట్ ఇంజన్లు ఆరు కలిపినా దీనికి తక్కువే. అంత లాగుడు ఉన్నదాన్ని అదే 70 మైళ్ల వేగంలో 2,450కి ముప్పావు వంతు, అంటే 1,840 చుట్ల దగ్గర తిప్పినా కారు అలవోకగా పోతుంది.

కానీ ఆగండి. ముందు ఇది చూడాలి.

[దృశ్యం: గేర్‌బాక్స్ పక్కన చిన్న గుండ్రటి రేకు డబ్బా, దానికి రబ్బరు గొట్టం. దగ్గరగా.]

దీన్ని వాక్యూమ్ మాడ్యులేటర్ అంటారు. ఇంజన్ మీద ఎంత భారం పడుతోందో గేర్‌బాక్స్‌కి చెప్పేది ఇదే. యాక్సిలరేటర్ మెల్లగా తొక్కితే ఇంజన్‌లో వాక్యూమ్, అంటే గాలిని లోపలికి పీల్చే లాగుడు, ఎక్కువ, గేరు త్వరగా, మెత్తగా పడుతుంది. గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, గేరు ఆలస్యంగా, గట్టిగా పడుతుంది. లోపల ఉన్నది ఒక పలచని రబ్బరు పొర. అది చిరిగితే గేర్లు దెబ్బ కొట్టినట్టు పడతాయి. ఇంజన్ ఆ గొట్టంలోంచి గేర్‌బాక్స్ ఆయిల్ లాగేసుకుని కాల్చేస్తుంది. సైలెన్సర్‌లో తెల్ల పొగ. కింద ఒక్క చుక్క కారదు, ఆయిల్ మాత్రం తగ్గిపోతూ ఉంటుంది.

నా కారు కొన్న కొత్తలో అచ్చం ఇదే జరిగింది. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే "గేర్‌బాక్స్ మొత్తం విప్పాలి" అన్నారు. రెండు రాత్రులు టెన్షన్. మూడో రోజు నేనే కిందకి దూరి గొట్టం పీకాను, చివర ఎర్రటి ఆయిల్! డబ్బాని పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. కొత్తది బిగించి ఆయిల్ నింపాను, రోగం కుదిరింది. అందుకే ముందు గొట్టం పీకి చూడండి. ఉన్న జబ్బుకి మందు వేశాక కూడా హైవే మీద ఆ హోరు మీకు నచ్చకపోతేనే మార్పు గురించి ఆలోచించండి.

[దృశ్యం: బల్ల మీద రెండు గేర్‌బాక్సులు పక్కపక్కన.]

దారులు ప్రధానంగా రెండు. ఎడమ వైపుది 200-4ఆర్. దీని ముందు భాగంలో షెవర్లే బోల్టు రంధ్రాలూ ఉంటాయి, బ్యూయిక్, క్యాడిలాక్ రంధ్రాలూ ఉంటాయి. మన 472కి నేరుగా కూర్చుంటుంది. కంప్యూటర్ అక్కర్లేదు. నాలుగో గేరు 0.67, అంటే ఇంజన్ ఇంకా నిదానంగా తిరుగుతుంది. మరి నేనెందుకు వద్దనుకున్నాను? ఈ కేబుల్ చూడండి. కార్బ్యురేటర్ నుంచి వచ్చే ఈ టీవీ కేబుల్ (టీవీ అంటే థ్రాటిల్ వాల్వ్) లోపలి ఆయిల్ ప్రెషర్‌ని నిర్ణయిస్తుంది. సెట్టింగ్ కొంచెం తప్పినా ప్రెషర్ చాలదు, క్లచ్ పళ్లేలు జారి కాలిపోతాయి. పైగా రెండు టన్నులు దాటిన బండి, 7.7 లీటర్ల ఇంజన్. మంచి చేతిలో బాగు చేయించిన 200-4ఆర్ తట్టుకుంటుంది. నాకు మాత్రం ధైర్యం చాల్లేదు.

కుడి వైపుది 4ఎల్80ఇ. 1991లో వచ్చింది. మన పాత 400కి సొంత వారసుడే: మొదటి మూడు గేర్లు అవే 2.48, 1.48, 1.00, పైన 0.75. దానికి తోడు లాకప్ క్లచ్. అదేంటంటే, బకెట్ నీళ్లలో చెయ్యి పెట్టి గిరగిరా తిప్పితే పైన తేలుతున్న చెంబు కూడా తిరుగుతుంది, కానీ చేతికంటే కాస్త నిదానంగా. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ చేసే పని అదే. ఆ వెనకబాటు వేడిగా పోతుంది. లాకప్ పడితే చెయ్యి చెంబుని పట్టుకున్నట్టే, జారుడు ఉండదు.

ఇక ఖర్చుల సంగతి. దీని బోల్టు రంధ్రాలు షెవర్లేవి, కాబట్టి మధ్యలో అడాప్టర్ ప్లేట్ కావాలి. ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్ వెనక ఉండే పలచని పళ్లెం), కన్వర్టర్ కలుస్తున్నాయో లేదో బిగించే ముందే కొలవండి, బిగించాక కాదు. గేర్‌బాక్స్ పొడవు ఎక్కువ. గేర్‌బాక్స్‌ని కింద నుంచి మోసే అడ్డ దూలం, అదే క్రాస్‌మెంబర్, జరపాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించి మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. స్పీడోమీటర్‌కి కేబుల్ దొరకదు, దానికి వేరే ఏర్పాటు. స్టీరింగ్ కాలమ్ మీద గేరు గుర్తుల్లో ఒకటి తక్కువ పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, దీనికి ఒక మెదడు కావాలి. గేర్లు వేసేది సోలినాయిడ్లు, అంటే కరెంటుతో నడిచే చిన్న వాల్వులు. మన కార్బ్యురేటర్ 1968 నాటిది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారో కరెంటు రూపంలో చెప్పడం దానికి తెలీదు. దాని మీద ఒక థ్రాటిల్ సెన్సర్, డాష్‌బోర్డ్ కింద ఒక కంట్రోలర్. వైరింగ్‌లో సోమరితనం వద్దు. కరెంటు పోతే ఈ గేర్‌బాక్స్ రెండో గేరులో ఇరుక్కుంటుంది, ఇల్లు చేరేదాకా అదే గతి.

మొత్తం వేల డాలర్లలోనే తేలుతుంది. ఆదివారం పూట పది మైళ్లు తిప్పేవాళ్లకి ఇది దండగ.

కంట్రోలర్ సెట్ చేసేటప్పుడు ఒక మాట. 45 మైళ్ల దగ్గర నాలుగో గేరు పడితే ఇంజన్ 1,200 కంటే కిందకి పోయి మూలుగుతుంది. 50 దాటాకే పడేలా పెట్టాను, ఆ తర్వాత లాకప్. ఆయిల్ కూలర్ పెద్దది వేశాను. మొదటి ఇరవై మైళ్లయ్యాక ఆపి కింద చూస్తే ఒక పైపు జాయింట్ దగ్గర తడి కనిపించింది. బిగించాను.

పాత 400ని అమ్మలేదు. ఆయిల్ ఓడ్చేసి, రంధ్రాలన్నీ మూసి, బల్ల కింద పెట్టాను. ముఖ్యంగా 1965 నుంచి 67 దాకా క్యాడిలాక్‌లు ఉన్నవాళ్లు వాటి గేర్‌బాక్స్ అస్సలు అమ్మకండి. కన్వర్టర్ లోపలి రెక్కల కోణం మారే రకం అవి.

[దృశ్యం: మళ్లీ అదే హైవే, అదే 70 మైళ్లు. ఇంజన్ శబ్దం బాగా తగ్గి ఉంటుంది. సన్నటి ఈల.]

ఇప్పుడు 1,840. ఆ ఈల ఇంజన్‌ది కాదు, పక్క అద్దం రబ్బరు సందులోంచి దూరే గాలి. ఇన్నాళ్లూ హోరులో వినపడలేదు. వచ్చే వారం ఆ రబ్బరు పని పట్టాలి.